మెజ్నర్: స్లొవీన్ ఇంటిపేరు ‘మాస్’ నుంచి వచ్చిందా?

జర్మన్‌లో ‘మెస్సె’ అంటే చర్చిలో చేసే మాస్ ఆరాధన. మాస్ పనులు చూసేవాడు మెస్నర్, అదే స్లొవీన్‌లో (స్లొవేనియా భాష) మెజ్నర్ అయింది అంటున్నారు. ఈ వ్యుత్పత్తి నిలుస్తుందా?

—

సగమే నిలుస్తుందండి. జర్మన్ నుంచి వచ్చిన మాట నిజం, మాస్‌తో చుట్టరికం మాత్రం తర్వాత అంటగట్టినది. పాత జర్మన్ రూపం ‘మెసినారి’. దాని మూలం మధ్యయుగ లాటిన్ ‘మాన్సియొనారియుస్’, అంటే ఇల్లు కనిపెట్టుకుని ఉండేవాడు. ఇక్కడ ఇల్లంటే దేవుడి ఇల్లు. ‘మాన్సియో’లో స ముందున్న న జారిపోయింది (ఫ్రెంచి ‘మేజోఁ’ కూడా ఈ మాట బిడ్డే). తర్వాతి ఇకారం ప్రభావంతో జర్మన్‌లో అ కాస్తా ఎ అయింది. మాస్‌కి మూలం ‘మిస్సా’, అది వేరే మాట. రెండూ చర్చి మాటలే, వినడానికీ దగ్గరే, అందుకే జనం కలిపేశారు. మెస్నర్‌ని రెండు స లతో ‘మెస్స్‌నర్’ అని రాయడం ఆ కలిపేయడం వల్లే.

—

మరి స ఎందుకు జ అయింది?

—

ఇది తెలుగు జ కాదు, ‘ప్లెజర్’లో పలికే ధ్వని. ఆనాటి జర్మన్ స ఇప్పటి స కన్నా కొంచెం వెనక్కి, ష వైపుకు పలికేది. స్లొవీన్ చెవికి అది ఇలా వినబడింది. సెగెన్ (దీవెన) ‘జెగెన్’, సుప్పె (సూప్) ‘జుపా’ అయినవీ ఇలాగే. కాబట్టి మెజ్నర్ పాత అరువే.

—

పాత రిజిస్టర్లు వెతికేవాళ్లకి ఒక మాట. 19వ శతాబ్దం నడిమి దాకా స్లొవీన్‌ని బొహోరిచ్ లిపి అనే పాత రోమన్ రాతపద్ధతిలో రాసేవారు. అందులో ‘ప్లెజర్’ ధ్వనికి గుర్తు పొట్టి ఎస్ (s) పక్కన హెచ్. పొడుగు ఎస్ (ſ) పక్కన హెచ్ ఉంటే ష. ఎత్తిరాసేటప్పుడు రెండు ఎస్‌లనీ ఒకటి చేసేస్తే పేరు ‘మెష్నర్’ అయి కూర్చుంటుంది. జర్మన్‌లో రాసే గుమాస్తా అయితే ‘మెస్నర్’ అనే రాస్తాడు. మూడు రూపాలూ వెతకాలి. ఇప్పుడీ ధ్వనిని జెడ్ మీద కొక్కెం పెట్టి (ž) రాస్తారు; అమెరికాకి వలస వెళ్లినవాళ్ల కాగితాల్లో ఆ కొక్కెం ఎగిరిపోయి ఉంటుంది.

ఇంకో చిక్కు: ‘ప్రి మెజ్నర్యు’, అంటే మెజ్నర్ వాళ్లింట్లో. ఇది ఇంటికి ఉన్న పేరు. మన ఇంటిపేరు మనిషి వెంట పోతుంది; అక్కడి ఈ పేరు గోడల్ని పట్టుకుని ఉంటుంది, ఆ ఇంట్లోకి ఎవరొచ్చినా మెజ్నర్ వాళ్లే. కాగితాల మీది ఇంటిపేరు వేరే ఉండొచ్చు. రెండూ ఒకటనుకుంటే వంశవృక్షం పక్కింటికి పాకుతుంది.

—

మెజ్నర్ పనేమిటి?

—

గంటలు కొట్టడం, తలుపులు తీయడం, మూయడం, కొవ్వొత్తులు వెలిగించడం, ఫాదర్ గారి ఆరాధన వస్త్రాలు సిద్ధం చేయడం. ఆయన ఉండే ఇల్లు ‘మెజ్నరియా’. జీతంగా చాలాచోట్ల ఊరివాళ్లు ధాన్యం కొలిచేవారు. చదువొచ్చినవాడైతే బడిపంతులు పని కూడా ఆయన నెత్తినే.

—

అచ్చ స్లొవీన్‌లో ఇదే పనికి ‘ట్సెర్కొవ్నిక్’ అని ఉంది, ‘ట్సెర్కెవ్’ (చర్చి) నుంచి. ‘ట్సెర్క్వెనిక్’ ఇంటిపేరు ఆ కోవలోది. మెజ్నర్ కొడుకు వంశం ‘మెజ్నర్షిచ్’.