మెడికల్ కాలేజీ డాక్టర్లకు రీసెర్చ్ పేపర్లు నిజంగా అవసరమా?

హంటర్ రోడ్ ఫిజీషియన్:
జనరల్ మెడిసిన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. అసోసియేట్ కావాలంటే నాలుగేళ్ల సర్వీసు ఒక్కటే చాలదని 2022లో ఎన్ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) నిబంధన పెట్టింది. రెండు పేపర్లు అచ్చు కావాలి, బయోమెడికల్ రీసెర్చ్ మీద ఆన్‌లైన్ కోర్సు కూడా పాసవ్వాలి. మధ్యాహ్నం రెండైనా మా ఓపీ లైను తరగదు. పత్తికి, మిర్చికి మందు కొట్టే కాలంలో వార్డులో మంచానికి ఇద్దరు. పేషెంట్‌ను చూడాలా, పేపర్ రాయాలా? పైగా కేస్ రిపోర్ట్ రాస్తే లెక్కలోకి రాదు. ఒక్క మనిషి జబ్బు గురించి శ్రద్ధగా రాస్తే అది పరిశోధన కాదా?

కాజీపేట బ్రిడ్జి:
పేపర్లతో ఎవరికి జ్వరం తగ్గింది సార్.

కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్:
మీ వార్డు సంగతే తీసుకుందాం. గడ్డిమందు, అంటే పారాక్వాట్, తాగిన పేషెంట్ ఆయాసపడుతుంటే ఎవరికైనా ఆక్సిజన్ పెట్టాలనే అనిపిస్తుంది. అవసరం లేకుండా పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతింటాయని ఎలా తెలిసింది? ఎవరో కూర్చొని రాశారు కాబట్టే.

ఇంకోటి. పురుగుమందు కేసుల్లో ఇచ్చే పామ్ ఇంజక్షన్. ఎక్కువ డోసు ఎక్కిస్తే మేలు జరిగిందని 2006లో బారామతి డాక్టర్లు రాశారు, 200 మంది పేషెంట్ల మీద. 2009లో శ్రీలంకలో చూస్తే ఆ లాభం కనబడలేదు. ఆ గొడవ ఇంకా తేలలేదు. బారామతి ఏమీ ముంబై కాదు, మన వరంగల్ కంటే చిన్న ఊరు. అంత పని అక్కడైంది, ఇక్కడెందుకు కాదు?

హంటర్ రోడ్ ఫిజీషియన్:
నేనడిగింది కేస్ రిపోర్ట్ గురించి. దానికి జవాబు రాలేదు.

కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్:
ఒక్క కేసుతో ఏం తేలుతుంది? అలాంటివి పది కలిపి కేస్ సిరీస్ రాయండి, అది లెక్కకు వస్తుంది.

హంటర్ రోడ్ ఫిజీషియన్:
పది కేస్ షీట్లు వెతికి తెచ్చేదెవరు మేడమ్? రికార్డు రూములో కట్టలు కట్టి పడేసి ఉంటాయి. మీ డిపార్ట్‌మెంట్‌కు వార్డు లేదు, నైట్ డ్యూటీ లేదు. కూర్చొని రాసుకుంటారు.

కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్:
కూర్చొనా? సికిల్ సెల్ స్క్రీనింగ్‌కు ఆదిలాబాద్ వైపు గూడేలకు జీపు పోని చోటికి నడిచి పోయాం. ఆ మాట వెనక్కి తీసుకోండి.

మంచిర్యాల మామ:
2022లో మా జిల్లాకూ కాలేజీ వచ్చింది. ముందు డాక్టర్ కనబడితే చాలు, రీసెర్చ్ తర్వాత.

పరకాల పత్తి రైతు:
సార్లూ, మధ్యలో వస్తున్న, ఏమనుకోవద్దు. మా తమ్ముడు చేను కాడ నీళ్ల బాటిల్ అనుకొని గడ్డిమందు తాగిండు. డబ్బాల మిగిలిన మందు ఎవరో బాటిల్‌లో పోసి పెట్టిన్రు. ఒక్క గుక్కకే ఉమ్మేసిండు. మొదటి రెండు రోజులు మంచిగనే మాట్లాడిండు, నోట్ల పుండ్లు తప్ప ఏం లేదు. ఎనిమిదో రోజు ఊపిరి అందక పోయిండు. నేను ఆ డబ్బాను సంచిల పెట్టుకొని ఆస్పత్రికి పట్టుకపోయిన. ఎవరూ చూడలే. తర్వాత కాగితాలు తీసుకుంటే ఏం మందో తెలియదని రాసి ఉంది. డబ్బా నా చేతిలనే ఉండె. ఏ ఆస్పత్రో చెప్పను.

కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్:
నేను చెప్పేదిదే. ‘తెలియదు’ అని రాసిన షీట్లు వంద కలిపినా ఏం తేలదు. ఏ మందో, ఎన్ని గంటలకు తెచ్చారో రాస్తే సగం పరిశోధన అయినట్టే.

హంటర్ రోడ్ ఫిజీషియన్:
రైతన్నా, నిజంగా బాధగా ఉంది. కానీ మేడమ్, ఆ షీటు రాసేది రాత్రి రెండు గంటలకు ఒక్కడే ఉండే హౌస్ సర్జన్. ఇక అసలు మాట చెప్తా. మూడేళ్ల కింద నేనే 60 షీట్లు దగ్గర కూర్చొని నింపించి ఇంకో డిపార్ట్‌మెంట్‌కు ఇచ్చిన. పేపర్ అచ్చయింది. నా పేరు ఐదోది! మొదటి ముగ్గురిలోనో, కరస్పాండింగ్ ఆథర్‌గానో, అంటే పేపర్ తరఫున జర్నల్‌తో మాట్లాడే రచయితగానో, ఉంటేనే లెక్క. మా వార్డు, మా పేషెంట్లు, ప్రమోషన్ మాత్రం వాళ్లకు. అందుకే ఇప్పుడు ఎవరడిగినా షీట్లు ఇవ్వను.

పీజీ రెండో ఏడు:
సార్, మర్యాదగానే అడుగుతున్నా. ఆ 60 షీట్లు నింపింది మీరా, మీ పీజీలా? వాళ్ల పేర్లు ఎన్నోవి? నా థీసిస్ టాపిక్ నేను ఎంచుకోలేదు. స్టాటిస్టిక్స్ మనిషికి డబ్బులు నేనే ఇచ్చా. పేపర్‌లో నాది నాలుగో పేరు.

కాజీపేట బ్రిడ్జి:
అయిపాయె.

హంటర్ రోడ్ ఫిజీషియన్:
పీజీల పేర్లు లేవు. థ్యాంక్స్‌లో ఉన్నాయి.

కమ్యూనిటీ మెడిసిన్ మేడమ్:
షీటు నింపిన వాళ్ల పేర్లు ముందే కాగితం మీద రాసుకుందాం, వరుసతో సహా. అప్పుడు ఇస్తారా?

హంటర్ రోడ్ ఫిజీషియన్:
ముందు కాగితం చూపించండి. రైతన్నా, ఆ డబ్బా ఇంకా ఉందా?

పరకాల పత్తి రైతు:
కొట్టంల చూరుకు చెక్కిన సార్. లేబుల్ సగం చిరిగింది, 24 శాతం అన్న కాడికి కనబడుతుంది. పొద్దున ఫొటో పెడత.