లాడ్‌బజార్‌లో తీసిన ఈ రెండు ఫొటోల్లో ఏది ఉంచాలి?

చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో ఫొటోలు తీస్తున్నాను. 35 ఎంఎం లెన్స్‌తో షార్ప్‌గానే వస్తున్నాయి. కానీ ఏది మంచి స్ట్రీట్ ఫొటో, ఏది ఉత్త రద్దీ అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాఁ 1932లో పారిస్‌లో తీసిన ఫొటోలో ఒకాయన నీళ్ల మీదుగా దూకుతుంటాడు, మడమ ఇంకా నీటిని తాకలేదు. వెనక పోస్టర్‌లో నర్తకి కూడా గాల్లోనే ఉంటుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

నా మొదటి ఫొటోలో లక్కగాజులు చేసే ఆయన బొగ్గుల కుంపటి ముందు కూర్చున్నాడు. వెలుగు అద్భుతం, చూపు మాత్రం నేరుగా కెమెరాలోకే. రెండోదాంట్లో మొహం లేదు, మెత్తబడ్డ లక్కను తిప్పుతున్న వేళ్లే. నాకు రెండోదే నచ్చింది. ఫ్రెండ్స్ మొదటిదే అంటున్నారు.

మీరైతే దేన్నిబట్టి ఎంచుకుంటారు? అడక్కుండా తీయడానికి నాకు మనసొప్పదు. అడిగాక కూడా సహజంగా రావాలంటే ఏం చేస్తారు? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్.