అప్‌డేట్: నౌన్ తర్వాత ‘టు’ ఎప్పుడు, ‘ఆఫ్’ ఎప్పుడు?

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతున్నానని, ‘డెసిషన్ టు గో’ ఒప్పయితే ‘హ్యాబిట్ టు స్మోక్’ ఎందుకు తప్పని పిల్లలు నిలదీస్తున్నారని అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ ధన్యవాదాలు. క్రియ నుంచి మొదలుపెట్టమన్న సలహా బాగా పనిచేసింది.

డిసైడ్, రెఫ్యూజ్, ప్రామిస్ తర్వాత ‘టు’ వస్తుంది కాబట్టి డెసిషన్, రెఫ్యూజల్, ప్రామిస్ అనే నౌన్ల తర్వాతా అదే. ఏబుల్ నుంచి వచ్చిన ఎబిలిటీ కూడా అంతే. హ్యాబిట్, రిస్క్, పాసిబిలిటీలకు మాత్రం ‘ఆఫ్’, ఆపైన ఐఎన్‌జీ రూపం. అలాగని ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మలేం. క్రియగా ‘హోప్ టు విన్’ అంటాం, నౌన్ దగ్గరికొస్తే ‘హోప్ ఆఫ్ విన్నింగ్’ అనడమే మామూలు.

అసలు చిక్కు ‘ఎ హౌస్ టు లివ్ ఇన్’ దగ్గర. ఆ చివరి ‘ఇన్’ని పిల్లలు వదిలేస్తారు. అది సహజమే. ఇంట్లో ‘ఉండడానికి ఇల్లు’ అన్నా, బడిలో ఒడియాలో ‘రహిబా పాయిఁ ఘర’ అన్నా ఆ ముక్కతో పనే లేదు. పైగా రెండింట్లోనూ ఇల్లు చివరికే వస్తుంది. అందుకే ఇప్పుడు బోర్డు మీద ముందు ‘లివ్ ఇన్ ఎ హౌస్’ రాయించి, ‘ఎ హౌస్’ని ఎత్తి ముందు పెట్టమంటున్నాను. ‘ఇన్’ ఉన్నచోటే ఉండిపోతుంది, మధ్యలో ‘టు’ చేరుతుంది. ‘ఎ పెన్ టు రైట్ విత్’, ‘ఎ చెయిర్ టు సిట్ ఆన్’ వాళ్లంతట వాళ్లే చెప్పేశారు. ఎంత సంతోషమేసిందో!

‘ద ఫస్ట్ పర్సన్ టు వాక్ ఆన్ ద మూన్’ రకం వచ్చేవారం మొదలుపెడతాను.