ఫ్యాన్ బెల్ట్, టైమింగ్ బెల్ట్ రెండూ ఒకటేనా?

పాతబండి:
అన్నా, సెకండ్ హ్యాండ్‌ల చిన్న పెట్రోల్ కారు కొన్న, 70 వేలు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే కీచుమని అరుస్తది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. మెకానిక్ బెల్టులు రెండూ మార్చాలంటుండు, నాకైతే ఒక్కటే కనబడ్తుంది?

స్పానర్ 12:
కనపడేది ఫ్యాన్ బెల్టు, అంటే ఆల్టర్నేటర్ (బ్యాటరీ ఛార్జ్ చేసేది), ఏసీ కంప్రెసర్ తిప్పే బెల్టు, అరుపు దానిదే. ఇంజన్ ఆన్‌లో ఉండగా చెయ్యి దగ్గర పెట్టకుండా బెల్టు మీద గాడులు ఉన్న వైపు కొంచెం నీళ్లు స్ప్రే చెయ్యండి, అరుపు పెరిగితే బెల్టు లూజు, ఆగి మళ్లీ వస్తే పుల్లీ లైన్ తప్పినట్టు. రెండోది టైమింగ్ బెల్టు, కవర్ లోపల ఉంటుంది, క్రాంక్‌నీ (పిస్టన్లతో తిరిగే షాఫ్ట్) క్యామ్‌నీ (వాల్వులు తెరిచే షాఫ్ట్) కలిపేది, అది అరవదు, చెప్పకుండా తెగుతుంది, చాలా ఇంజన్లలో వాల్వులు వెళ్లి పిస్టన్‌కి కొట్టుకుంటాయి, ఇక ఖర్చు అడక్కండి.

గేర్‌బాక్స్ గాడు:
ముందు ఏ ఇంజనో చూడు బ్రో. ఆల్టో 800లో టైమింగ్ బెల్టే, ఆల్టో కె10లో దాని బదులు చైన్. చైన్ అయితే రెండో బెల్టు మాటే లేదు, మెకానిక్‌ని నిలదియ్యి 😄

పాతబండి:
మాది 800 అన్నా. పాత ఓనర్ మార్చిండో లేదో బిల్లు లేదు.

స్పానర్ 12:
అయితే టైమింగ్ బెల్టు మార్చేయండి, టెన్షనర్ (బెల్టుని బిగువుగా పట్టేది) కూడా. ఆయిల్ లీకుంటే ముందు అది ఆపండి, నూనె తగిలితే కొత్త బెల్టు కూడా పాడైపోద్ది.