సినిమాకు యాభై మంది, చర్చకు తొమ్మిది మంది: ఏం చేయాలి?

దేవరకొండ నుంచి ప్రశ్న:

అందరికీ నమస్తే. మా ఊళ్లో ఒక చిన్న గ్రంథాలయం పైగదిలో నెలకోసారి సభ పెడుతున్నాం. నలభై కుర్చీలు, రెండు ఫ్యాన్లు, ఎవరో ఇచ్చిన పాత ప్రొజెక్టర్. ఇంతే మా ఆస్తి.

మొదటి నెల ఉపన్యాసం. నిజాం పాలనలో తెలుగువాళ్లు పెట్టుకున్న ఆంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో మా దేవరకొండలోనే జరిగింది, దాని గురించి ఒక రిటైర్డ్ సారు మాట్లాడారు. అరగంట అనుకున్నది గంటన్నర అయింది. అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు గారి దగ్గరికి వచ్చేసరికే ముందు వరుసలో ఇద్దరు కునుకు తీస్తున్నారు. రెండో నెల రెండు గంటల సినిమా వేశాం. యాభై మంది వచ్చారు, పిల్లలు కింద కూర్చున్నారు. "ఇప్పుడు చర్చ" అని లైటు వేసి చూస్తే తొమ్మిది మంది మిగిలారు, అందులో నలుగురం మేమే. మూడో నెల వరి సాగు మీద డిబేట్ పెడితే పది నిమిషాల్లో పార్టీల గొడవైంది.

జనాన్ని చర్చ దాకా ఎలా ఆపాలి? బొమ్మ బాగా పలుచగా వస్తోంది, కొత్త ప్రొజెక్టర్ కొనాల్సిందేనా? సినిమా వేయడానికి అనుమతి కావాలని ఒకాయన భయపెట్టాడు, నిజమా?

మహబూబ్‌నగర్ నుంచి:

అన్నా, వాళ్లు చర్చ నచ్చక పోలేదు, బస్సు కోసం పోయారు. మేమూ మొదట్లో ఆరున్నరకు మొదలుపెట్టి ఇట్లాగే దెబ్బతిన్నాం. డిపోకు పోయి మీ చుట్టుపక్కల ఊళ్లకు చివరి పల్లెవెలుగు ఎన్నింటికో రాసుకోండి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి మా దగ్గరికి వచ్చేవాళ్లు పెరిగారు. కానీ బస్సు పోయాక ఉచితం ఏం చేసుకోను? చివరి బస్సుకు అరగంట ముందే సభ అయిపోవాలి. ఆ టైమును కరపత్రం మీదే వేయండి: "ఏడింటికి ముగుస్తుంది" అని. మొదలయ్యే టైము అందరూ వేస్తారు, ముగిసే టైము ఎవరూ వేయరు.

ఇక రెండు గంటల సినిమా వద్దు. ముప్పై, నలభై నిమిషాల డాక్యుమెంటరీ చాలు. సినిమా అయ్యాక టీ ఇవ్వకండి, టీ తాగి అటే పోతారు. చర్చ సగంలో కూర్చున్నచోటికే అందించండి. ఇది చిన్న మోసమే, కానీ పనిచేస్తుంది.

ప్రశ్నలకు మైకు ఇస్తే ఎప్పుడూ ఆ ముగ్గురే లేస్తారు, అడగరు, మళ్లీ ఉపన్యాసం ఇస్తారు. తలా ఒక చీటీ, పెన్సిలు ఇచ్చి రాయించండి. మా దగ్గర మొదటిసారి ఒక ఇంటర్ అమ్మాయి ప్రశ్న అట్లాగే బయటికి వచ్చింది.

సూర్యాపేట నుంచి:

చీటీల సంగతి నాకు నచ్చలేదు. మనిషి లేచి నిలబడి అడిగితేనే సభకు కళ. చీటీ పెడితే పరీక్ష రాసినట్టుంటుంది. పైగా చదువు రానివాళ్ల సంగతేంది? మా దగ్గర ఒక్కటే షరతు: నిమిషంలో అడగాలి, చివర ప్రశ్నార్థకం ఉండాలి.

డిబేట్ గురించి చెబుతా. పక్షాన్ని వాళ్లనే ఎంచుకోనిస్తే గొడవ ఖాయం. లాటరీ తీయండి. సగం టైము అయ్యాక పక్షాలు మార్చి, అవతలి వాదన తమదే అన్నట్టు చెప్పమనండి. పార్టీ మనుషులు ఇక్కడే చల్లబడతారు. విషయం కూడా ఇంటి గడప దగ్గరిది ఉండాలి. "మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఊళ్లో ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఎందుకు?" అని మేం పెట్టాం. ప్లాంటు నడిపేవాడు, క్యాన్ కొనేవాళ్లు, నల్లా నీళ్లే తాగే ముసలమ్మ, అందరికీ చెప్పడానికి ఏదో ఒకటి ఉంది.

నల్లగొండ నుంచి (పెళ్లి వీడియోలు తీస్తాను):

కొత్తది కొనకండి సార్. ముందు తెర చిన్నది చేయండి. పదడుగుల వెడల్పు బొమ్మను ఏడడుగులకు తెస్తే విస్తీర్ణం సగమవుతుంది, అదే వెలుతురు దాని మీద రెట్టింపు పడుతుంది. నలభై మందికి ఏడడుగులు చాలు. మామూలు ప్రొజెక్టర్లకు వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దూరం కావాలి. అంటే పదిన్నర అడుగుల దగ్గర బల్ల వేయండి. ఫిల్టర్ మీద దుమ్ము ఊదండి, వెలుతురు తగ్గించే "ఎకో" మోడ్ తీసేయండి. కిటికీలకు నల్లగుడ్డ కట్టండి. అప్పటికీ పలుచగా ఉంటే బల్బు ముసలిదైందని అర్థం.

డబ్బులుంటే స్పీకర్ మీద పెట్టండి. బొమ్మ మసకగా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే లేచిపోతారు. తెలుగు సబ్‌టైటిల్స్ డబ్బాలు డబ్బాలుగా వస్తే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, వీఎల్‌సీలో తెలుగు ఫాంట్ పెట్టండి. అన్నీ ముందురోజే వేసి చూసుకోండి, లేకుంటే సభలో టెన్షన్.

మిర్యాలగూడ నుంచి (వకీలు):

భయపడాల్సింది కొంత, జాగ్రత్త పడాల్సింది ఎక్కువ. ఓటీటీ ఖాతా ఇంట్లో చూసుకోవడానికి, సభలో వేయడానికి కాదు. టికెట్ పెట్టకపోయినా సినిమా హక్కులు నిర్మాతవే. నాటకానికో పాటకో ఉచిత ప్రదర్శనల మినహాయింపు చట్టంలో ఉంది కదా అని సినిమాకు వర్తింపజేయకండి. తేలికైన దారి ఏమిటంటే, డాక్యుమెంటరీ తీసినవాళ్లకు మెయిల్ రాసి అనుమతి తెచ్చుకుని దాచుకోండి. ఒప్పుకుంటే సినిమా తర్వాత ఫోన్‌లో వాళ్లతోనే మాట్లాడించండి, మీ చర్చ సమస్య కూడా తీరుతుంది. పాత సినిమాలైతే విడుదలైన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1960 నాటిదైతే 2020తో ముగిసింది. కథకు, పాటలకు హక్కులు విడిగా ఉండొచ్చు, అది కూడా చూడండి.

మైకు హాలు లోపలికే వినపడేలా పెట్టండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ కుదరదు. పోలీస్ స్టేషన్‌లో ఒక కాగితం ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఎన్నికల కోడ్ ఉన్న నెలలో మాత్రం అడగకుండా ఏదీ పెట్టకండి.

మర్రిగూడ నుంచి:

ఒక మాట. ఫ్లోరైడ్ మీద సినిమా వేస్తామని మీరు వాట్సాప్‌లో పెట్టారు. మా నాన్నను తీసుకువద్దామనుకున్నా. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆయన మోకాళ్లు వంగవు, మీ పైగది మెట్లు ఎక్కలేడు. ఆ సినిమా ఎవరి గురించో వాళ్లే రాలేరు.

దేవరకొండ నుంచి (పది రోజుల తర్వాత):

అందరికీ థాంక్స్. తెర ఏడడుగులకు తగ్గించాం, నిజంగానే తేడా ఉంది. చీటీలు, నోటి ప్రశ్నలు రెండూ పెడుతున్నాం. సూర్యాపేట అన్న కోపగించుకోవద్దు. డాక్యుమెంటరీ తీసినామె మెయిల్‌కు రెండోరోజే జవాబిచ్చారు, ఫోన్‌లో మాట్లాడతానన్నారు కూడా.

మర్రిగూడ తమ్ముడూ, నీ మాట చదివాక మాకు సిగ్గనిపించింది. కింద పేపర్లు చదివే గది అడిగాం. ఆదివారం ఐదింటికి ఖాళీ అవుతుందట. ఐదున్నరకు మొదలు, ఏడింటికి ముగింపు, మీ వైపు బస్సు ఏడున్నరకు. గుమ్మం దగ్గర రెండు మెట్లున్నాయి, వాటికి చెక్క వేయిస్తున్నాం. నాన్న కోసం చేతులున్న కుర్చీ ఒకటి తెచ్చి పెడతాం.