అప్‌డేట్: వేజా స్నీకర్ల గురించి అడిగాను కదా, చివరికి ఏం చేశానంటే

పాత బూట్లు పోతున్నాయి, పర్యావరణానికీ పనివాళ్లకూ మేలు చేస్తున్నామని చెప్పుకునే వేజా స్నీకర్ల కంపెనీ నిజంగా అంత మంచిదేనా, కొనచ్చా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తెలిసింది ఇదీ. ఇది ఫ్రెంచ్ కంపెనీ, మొదటి జత 2005లో వచ్చింది. బూట్లు ఎక్కువగా బ్రెజిల్‌లోనే తయారవుతాయి. రబ్బరు అమెజాన్ అడవిలో చెట్లు నరక్కుండా పాలు గీసే కుటుంబాల దగ్గర మార్కెట్ రేటు కన్నా ఎక్కువిచ్చి కొంటారు. ప్రకటనలకు డబ్బు పెట్టరు. ఇంతవరకూ నాకు నచ్చింది. కానీ సోల్‌లో అడవి రబ్బరు కొంత భాగమే. పైగా వాళ్ల లెక్కల్లోనే, బూట్ల తయారీ వల్ల వెలువడే కార్బన్‌లో పెద్ద వాటా తోలుది! అందుకే కొంటే తోలు లేని కాన్వాస్ జతే అనుకున్నాను.

ఈలోగా పాత జతను మా వీధి చివర చెప్పులు కుట్టే తాత దగ్గరికి తీసుకెళ్లాను. నోరు తెరిచిన ముందుభాగాన్ని బొటనవేలితో నొక్కి చూసి, "గమ్ము ఆగదమ్మా, కుట్టేస్తా" అన్నాడు. చుట్టూ మైనం దారంతో కుట్టు, నూట యాభై రూపాయలు. తెల్ల బూటుకు నల్ల దారం వేశాడు, అదొక్కటే బాధ.

కాన్వాస్ జత కార్ట్‌లోనే ఉంది.