ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్: పర్యావరణమా, పరిసరమా, సారెనా?

తిరుపతిలో డిప్లొమా పిల్లలకు లినక్స్ ల్యాబ్ చెప్తుంటాను. తెలుగులో నోట్సు రాస్తూ ‘ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్’ దగ్గర ఆగిపోయాను. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను నడిపేటప్పుడు దాని వెంట పంపే పేరు, విలువ అన్నమాట. వేరియబుల్‌కి లెక్కల పుస్తకంలోని ‘చరరాశి’ ఉంది, చిక్కు లేదు. ఎన్విరాన్‌మెంట్‌తోనే తంటా. ‘పర్యావరణ చరరాశి’ అని రాస్తే ఒకడు "సార్, అంటే టెంపరేచరా?" అన్నాడు. ‘వాతావరణం’ అని మార్చాను. గాలి లాగా అందరికీ ఒకటే అనుకున్నారు, అది ఇంకా తప్పు.

షెల్‌లో, అంటే మనం కొట్టే ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్‌లో, ఊరు=తిరుపతి అని కొట్టించాను (మేం వాడే షెల్ బాష్‌లో పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, ఇక్కడ చదవడానికి ఇలా రాశాను). విలువను చూపించే ఎకో ఆదేశం ఇస్తే తిరుపతి అని వచ్చింది. అదే టెర్మినల్‌లో నడిపిన పైథాన్ ప్రోగ్రామ్ తనకు అందిన వాటి జాబితా అయిన ఓఎస్ డాట్ ఎన్విరాన్‌లో వెతికితే కీ ఎర్రర్, అంటే ఆ పేరే లేదని. "ఇక్కడే ఉంది కదా సార్!" ఉంది, షెల్ ఇంట్లో. ఎక్స్‌పోర్ట్ అనే ఆదేశం ఇస్తేగానీ పిల్ల ప్రాసెస్‌కి, అంటే షెల్ పుట్టించి నడిపే ప్రోగ్రామ్‌కి, అందదు. ఏ మాట వాడమంటారు?

— ‘పరిసరం’ చాలదా సార్?

— అదీ చుట్టూ ఉండేదే కదండీ. ఇది వెంట వచ్చేది.

— వెంట వచ్చేదంటే మా తిరుచానూరు వాళ్ళకు సారె గుర్తొస్తుంది. పంచమీ తీర్థం నాడు అమ్మవారికి కొండ మీద నుంచి వస్తుంది చూడండి, అట్లా. గంగజాతరకు గంగమ్మకూ కొండ నుంచే. ఎక్స్‌పోర్ట్ అంటే సారె తట్టలో పెట్టడం. తట్టలో పెట్టనిది పుట్టింట్లోనే. ‘సారె చరం’ అనండి.

— అక్కా, మాట బాగుంది గానీ ఒక లొసుగు. సారెలో పెట్టిన చీర పుట్టింట్లో మిగలదు. ‘ఎగుమతి’ అందామన్నా అంతే, మా చిత్తూరులో తోతాపురి లోడు పోయినాక తోటలో ఏముంటుంది? ఇక్కడ పోయేది నకలు. కొత్త ప్రోగ్రామ్‌ను నడపమని కెర్నల్‌ను అడిగే ఎగ్జెక్‌వీఈ అనే సిస్టమ్ కాల్‌కి మూడో ఆర్గ్యుమెంటు ఆ మూటే, అన్నీ పేరు=విలువ అనే వరసలు. పిల్ల తన ఊరును చిత్తూరుగా మార్చుకున్నా తల్లికి తెలియదు. నేనొకసారి స్క్రిప్టులో పాత్ (ఆదేశాలను ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే చరరాశి) మార్చి, టెర్మినల్‌లో ఎందుకు మారలేదని సగం రోజు తల పట్టుకున్నాను. ముందు సోర్స్ అని పెట్టి నడిపితే మారింది. అప్పుడు పిల్ల ప్రాసెస్ పుట్టదు, ఆ షెల్లే స్క్రిప్టును చదువుకుంటుంది.

— చీర సంగతి ఒప్పుకుంటున్నా తమ్ముడూ. కానీ ‘నకలు చరరాశి’ అంటే రిజిస్ట్రారు ఆఫీసు గుర్తొస్తుంది!

— సారెనే రాసుకుంటాను, పక్కన ‘నకలు’ అని చిన్న గమనికతో. రేపు ల్యాబ్‌లో క్రాన్, అంటే చెప్పిన వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్, చెప్పాలి. అది నడిపే పనులకు వచ్చే సారె మరీ కొంచెం, పాత్ కూడా పొట్టిదే. పిల్లలు దానికేం పేరు పెడతారో.